సంతోడి మెడ మీద మా అక్క చెయ్యి

బొమ్మ కుదిరింది! సంతోడి చిరిగిన చెవి చిరిగినట్టే వచ్చింది, వాడి మెడ మీద మా అక్క చెయ్యి అక్క చెయ్యిలాగే వచ్చింది. అక్క ప్రభువు దగ్గరికి పోయి నెల దాటింది. ఈ నెలలో నేను నవ్వింది ఈ పొద్దున్నే. ఆ నవ్వు దాకా రావడానికి నేనూ మా అమ్మాయీ పడిన విసుగు అంతా ఇంతా కాదు. చదివే మీరు కొంచెం ఓపిక పట్టాలి. ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, వరసగా చెప్పడం నాకు రాదు.

సంతోడు అక్క కుక్క. సోమవారం సంతలో ఎండుచేపల దగ్గర ఆమె వెంటపడి, అడవి అంచున ఉన్న మా ఊరిదాకా నడిచొచ్చిన కుక్కపిల్ల. "నేను తేలే, వాడే వచ్చిండు" అనేది అక్క. బావ తొందరగా పోయాడు, పిల్లల్లేరు. పన్నెండేళ్ళు వాడే ఆమెకు తోడు. ఆదివారం చర్చి బయట ఆమె చెప్పుల మీద పడుకునేవాడు. ప్రార్థన పొడుగైతే వాడి ఆవలింత లోపలికి వినపడేది. అక్క కళ్ళు మూసుకునే, "అయ్యగారూ, సంతోడు గూడ ఆమెన్ అన్నడు, ఇగ మీరు గూడ అనుండ్రి" అనేది. పాస్టరు గారికే నవ్వాగేది కాదు.

చెవి సంగతి చెప్పాలి. ఎండాకాలం అక్క, పక్క గూడెం వదిన కలిసి బీడీలు చుట్టే తునికాకు కొయ్యడానికి అడవికి పోయేవాళ్ళు. వదిన అని పిలుస్తాను గానీ మాకు చుట్టరికం లేదు. వాళ్ళు తమ వేల్పులకు మొక్కేవాళ్ళు, మేము చర్చికి పోయేవాళ్ళం. ఒకరోజు పొదలోంచి అడవిపంది అక్క మీదికి ఉరికింది. సంతోడు అడ్డం పడ్డాడు. ఎడమ చెవి సగానికి చీలిపోయింది. వదిన ఆకు పసరు పిండితే, అక్క కొంగు చింపి కట్టింది. తర్వాత ఎవరన్నా "గా కుక్క చెవి గట్లుందేంది?" అంటే అక్క జవాబు ఒక్కటే: "అది చెవి గాదు, నా పానం."

పోయిన వానల్లో సంతోడు పోయాడు. మొదటి ముద్ద వాడికి పెట్టే అలవాటు కదా, కంచం ముందు కూర్చుంటే అక్క చెయ్యి అక్కడే ఆగిపోయేది. ఒకరోజు అడిగింది.

"తమ్మీ, వాని బొమ్మొకటి గోడకు పెట్టియ్యరాదు?"

"కుక్కకు బొమ్మేందే అక్కా? జనం నవ్వుతరు."

"నవ్వనియ్. నవ్వేటోళ్ళ ఇంట్ల పెట్టమంటున్ననా?"

చూద్దాంలే అన్నాను. చూడలేదు. అక్క నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. చలికాలం జ్వరమని దవాఖానాకు తీసుకుపోయాము, తిరిగి తెచ్చుకోలేదు.

అక్క జ్ఞాపకార్థ కూడిక ఈ ఆదివారం, ఆమె ఇంట్లోనే. పాస్టరు గారు ఫోటో అడిగారు. అక్కకు ఫోటో ఏది? ఎవరు ఫోన్ ఎత్తినా మొహం తిప్పుకుని, "నా మొఖం యేసయ్యకు తెల్సు, వాన్ని తియ్యుండ్రి" అని సంతోణ్ణి ముందుకు తోసేది. ఆధార్ కార్డులో ఉంది గానీ, ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంది. చివరికి మా అమ్మాయి ఫోన్లో ఒకటి దొరికింది. సంతోడు, వాడి చిరిగిన చెవి, మెడ మీద అక్క చెయ్యి. చెయ్యి మాత్రమే.

మా అమ్మాయి ఖానాపురం హవేలి అనే ఊళ్ళో ఉంటుంది, టీచరు. బంగారు తల్లి. "ఫోటో పంపితే నీటిరంగుల బొమ్మ వేసిచ్చే ఆమె ఉంది డాడీ, అత్తమ్మ అడిగింది గదా" అంది. అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. ఏరుకోమని మూడు నమూనాలు వచ్చాయి. ఒకదాంట్లో చుట్టూ గులాబీలు, ఒకదాంట్లో నీలం మబ్బులు, ఒకదాంట్లో వాడి మెడకు టై. మూడింట్లోనూ చెవులు రెండూ చీలిక లేకుండా నిక్కి ఉన్నాయి, చెయ్యి మాయం.

"ఏది నచ్చింది డాడీ?"

"నచ్చుడేందమ్మా? సంతోడు టై కట్టుకొని ఏ ఆఫీసుకు పోయిండు?"

అప్పుడు నేనే ఒక తెలివైన పని చెప్పాను. "ఫోటో మీద చెవికొకటి, చెయ్యికొకటి ఎర్ర సున్నా చుట్టి పంపు. గివి ముఖ్యమని తెలుస్తది."

రెండోసారి వచ్చింది. టై లేదు. చెవి ముందుకన్నా నున్నగా ఉంది. చెయ్యి ఉన్నచోట బొచ్చు ఇంకా ఒత్తుగా మొలిచింది. ఒళ్ళు మండిపోయింది. "చెట్టును కొట్టేసినట్టు కొట్టేసింది గదమ్మా!" అని అరిచాను. అరిచి ఆగిపోయాను.

ముప్పై ఏళ్ళు అడవిలో, కలప డిపోలో వాచరుగా చేసినవాణ్ణి. ఎర్రరంగు చుట్టిన చెట్టంటే కొట్టాల్సిన చెట్టు. ఆ రంగు నా చేత్తో ఎన్ని చెట్లకు పూశానో లెక్కలేదు. అక్క చేతికి కూడా నేనే చుట్టించాను.

వెంటనే ఫోన్ కలపమన్నాను. బొమ్మ వేసే పిల్ల భయపడుతూ, "అంకుల్, రౌండ్ చేశారంటే తీసెయ్యమనుకున్నా. మచ్చలకీ, పక్కన పడ్డ మనుషులకీ అందరూ అట్లే చుట్టి పంపుతారు" అంది. ఆ పిల్లను ఏమని తిట్టను? పంది సంగతి చెప్పాను, చెప్పుల సంగతి చెప్పాను, ఆమెన్ సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా వింది. తర్వాత అడిగింది.

"ఆ వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి అంకుల్. నీడా?"

"కాదమ్మా. తునికాకు కోసీ కోసీ ఎక్కిన నలుపు. అది ఉంచు తల్లీ."

ఉంచింది. ఈ పొద్దున బొమ్మ చేతికొచ్చింది. వెనక గులాబీలు లేవు, మబ్బులు లేవు, ఉత్త తెల్ల కాగితం. అక్క ఇంట్లో గోడకు మేకు కొట్టాను. ఆలస్యమైంది అక్కా, కానీ పెట్టాను.

బొమ్మ వచ్చిందని ఇంక ఎవరెవరికి చెప్పాలంటే: వేంసూరులో చిన్న చెల్లెలికి, ముందు ఏడవనని ఒట్టు వేయించుకుని. పాల్వంచలో బావమరిదికి, షిఫ్టు దిగి నిద్ర లేచాక. భద్రాచలంలో మేనకోడలికి, టై ఉన్న బొమ్మ కూడా పంపాలి, నవ్వుకుంటుంది. మా చిన్నాయనకు గట్టిగా, రెండుసార్లు. చివరికి గూడెంలో వదినకు. ఆమెకు ఫోన్ లేదు. కూడిక కాగానే బొమ్మను మేకు నుంచి దించి, గుడ్డలో చుట్టుకుని నేనే పోవాలి. ఆ చేతిని పట్టుకుని ఆమె ఎన్ని వానల్లో వాగు దాటిందో. అది ఎవరి చెయ్యో ఆమెకు చెప్పక్కర్లేదు.