అవసరమైతే చెప్పమన్నవాళ్ళకు

మా పక్కింటి మేడం చనిపోయారు. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్ళి, తమ్ముణ్ణి చెట్ల కింద సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, అలాగే ఒరిగిపోయారు. గుండె ఆగిపోయింది. తమ్ముడు ఆమె కొంగు పట్టుకుని "అక్కా, పోదాం" అంటూనే ఉన్నాడట. అక్కాతమ్ముళ్ళు కబుర్లాడుకుంటున్నారనుకుని నడిచేవాళ్ళు దాటిపోయారు.

ఆ తమ్ముడికి యాభై దాటాయి. మనసు మాత్రం పసివాడి దగ్గరే ఆగింది. అన్నం కలిపి పెట్టాలి, చెప్పులు తొడగాలి. తల్లిదండ్రులు పోయినప్పటి నుంచి ఆ పని ఆమె ఒక్కతే చేసింది. ఇది రాస్తుంటే అతను తార్నాకలో మా హాల్లో చాప మీద పడుకుని ఉన్నాడు. నల్లకుంటలో రెండంతస్తుల ఇల్లున్న సొంత పెద్దన్న "ఫోన్ చేస్తా" అని వెళ్ళాడు. ఆ ఫోను ఇంకా మోగలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తోంది, క్షమించండి.

ఆమె, నేను పిట్టగోడకు అటూ ఇటూ నిలబడి వాదించుకునేవాళ్ళం. ఇంటింటి ప్రార్థనల్లో బైబిలు వాక్యం చెబుతాను కాబట్టి వీధంతా నన్ను బ్రదర్ అంటుంది. ఆమెకు ఆ పిలుపు నవ్వులాట. "బ్రదర్ అంటే అన్ననా, తమ్ముడా? ఇంగ్లీషుల తెల్వకున్నా నడుస్తది. మన భాషల నడవదు. ఎవరు ఎవర్ని సాదాలెనో తేలాలె గద!"

ఒకసారి నేను, "తనవాళ్ళను ప్రేమించడంలో గొప్పేముంది మేడం? పన్నులు గుంజే సుంకరులు కూడా ఆపాటి చేస్తారని ప్రభువే అన్నాడు" అన్నాను. ఆమె తోటకూర కాడలు విరుస్తూ తలెత్తలేదు. "గట్లనా! మరి సుంకరోళ్ళు చేసేటిదన్న మీ సంఘంల ఎంతమంది చేస్తున్నరు? ముందుగాల గంతన్న చెయ్యమను. పరలోకం సంగతి తర్వాత చూద్దాం."

సొంత ఇంటివాళ్ళను చూసుకోనివాడు దేవుణ్ణి నమ్మనివాడి కంటే చెడ్డవాడని కూడా అదే వాక్యంలో ఉంది. ఆ మాట మీద ప్రసంగం చెబితే జనానికి వెంటనే దగ్గు వస్తుంది.

ఆమె దగ్గర చదువుకున్న మా అమ్మాయి చెప్పేది, ఏటా మొదటి క్లాసులో ఒకటే ప్రశ్నట. "మీ ఇంట్ల అందరు తిన్నంక తినేదెవరు?" క్లాసంతా "అమ్మ" అంటుంది. "ఎందుకు?" "ప్రేమ మేడం." "అమ్మకు ప్రేమున్నది. మరి మీకేమున్నది, ఉత్త ఆకలేనా?" అందరూ నవ్వుతారు. ఆమె వెంట వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్న తమ్ముడు చప్పట్లు కొడతాడు. ఆ నవ్వు చల్లారాక ఆమె పాఠం మొదలుపెట్టేది: మనకూ మనవాళ్ళకూ చేసేవాళ్ళు మన కంటికి ఆనరు, ఆనినప్పుడు మనకు సిగ్గేస్తుంది, ఆ సిగ్గు దాచుకోవడానికి వాళ్ళను పొగుడుతాం.

త్యాగం అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. "నన్ను పైకెక్కించి నిచ్చెన గుంజుకుంటరు. నేను దిగొద్దు, వాళ్ళు ఎక్కొద్దు." ఇంకో మాట మీదా అంతే మంట. "అవసరమైతే చెప్పు అంటరు. అవసరం కండ్ల ముంగటనే ఉంటది. అయినా నేనే పోయి అడగాలెనట. నేను అడగనని వాళ్ళకెరుకే!" చికున్‌గున్యాతో ఆమె వేళ్ళు వంగని రోజుల్లో స్నేహితులు, చుట్టాలు గుమ్మం దాకా వచ్చి ఆ మాట చెప్పి వెళ్ళడం నేను చూశాను. ఆమె గరిటెతో అన్నం కలిపి, గరిటెతోనే తమ్ముడికి తినిపించింది.

ఆమె పోయాక పెద్దన్న "నా చెల్లె త్యాగమూర్తి" అని ఏడ్చాడు. ఏడుపు నిజమే, కాదనను.

మూడో రోజు డాబా మీద పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అది తీరుస్తామని పైకి అనాలి. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. తార్నాకలో కాకులెక్కడివి? పావురాలొచ్చాయి. "ఉష్! గివి లెక్కకు రావు" అని ఎవరో తువ్వాలతో తరిమారు.

ఎండెక్కింది. "ఏం కావాలె చెల్లె? నీ పేరు మీద అన్నదానం చేస్తం" అన్నాడు పెద్దన్న. కాకి రాలేదు. "నీ ఫోటో పెద్దగ కట్టిస్తం." రాలేదు. మిగిలిన కోరిక ఏమిటో డాబా మీదున్న అందరికీ తెలుసు. అది నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని పావురాలను చూస్తోంది.

"తమ్ముణ్ణి నేను చూసుకుంటానని ఒక్క మాట అనండి అన్నా" అన్నాను.

"అంటే చెయ్యాలె గద బ్రదర్" అన్నాడాయన. "పిట్ట ముంగట అబద్ధమాడొద్దు."

విన్నారా! కాకికి అబద్ధం చెప్పలేనంత నీతి ఉంది. తోడబుట్టినవాడికి ముద్ద పెట్టేంత లేదు. పైకి తెలుపు, లోపల కుళ్ళు, సున్నం కొట్టిన సమాధులంటూ వాక్యం కసిరింది ఇలాంటివాళ్ళనే. అదే అనబోయాను.

ఈలోగా తమ్ముడు లేచి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. "అరే, పట్టుకోండ్రి! ఎంగిలైతది!" అని అరుపులు. అతను పప్పూ అన్నం వేళ్ళన్నీ ముంచి కలిపాడు. ముద్ద చేశాడు. తన నోట్లో పెట్టుకోలేదు. లేచి పెద్దన్న దగ్గరికి నడిచి, నోటి ముందుకు చాచాడు.

"తిను."

పెద్దన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. తమ్ముడు చెయ్యి దించలేదు. పప్పు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది.