రంగు మీదున్నంత సేపు

గురప్ప గురించి చాపాడు మండలంలో ఎవరిని అడిగినా ఒక్క మాటలో తేల్చేస్తారు. రంగు పూసుకుంటే దేవుడు, కడుక్కుంటే గొర్రెల గురప్ప. ఆయన తాత, తండ్రి, పెదనాన్నలు అందరూ మందల వెంట నడిచినవాళ్ళే. ఆయన మాత్రం వేషాల వెంట నడిచాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బజార్లలో ఆయన అర్ధనారీశ్వర వేషం చూడని అంగడివాడు లేడు. యాభై దాటినా నడుము వంగలేదు. పొగిడితే మాత్రం ఇప్పటికీ పెళ్ళికొడుకులా సిగ్గుపడతాడు. పొగడ్త అంటే ఆయనకు ఎంత ఇష్టమో ఆ సిగ్గులోనే తెలిసిపోతుంది.

ఆయనకు విద్య నేర్పినవాడు జమ్మలమడుగు అబ్దుల్ సలాం. సాయిబుల ఇంట పుట్టినవాడు శివపార్వతుల వేషం కట్టడమేమిటని బయటి ఊళ్ళవాళ్ళు ముక్కున వేలేసుకుంటారేమో గానీ, ఈ మూడు ఊళ్ళవాళ్ళకు ఆ అనుమానమే రాదు. బాగా కడతాడు కాబట్టి కడతాడు, అంతే. పద్దెనిమిదేళ్ళ వయసులో గురప్ప ఖాజీపేట సంతలో ఆ వేషం చూశాడు. అమ్ముకురమ్మని తండ్రి పంపిన పొట్టేలును అక్కడే వదిలేసి సలాం వెనక వెళ్ళిపోయాడు. పొట్టేలైనా ఇల్లు చేరింది, కొడుకు చేరలేదని తల్లి చౌడమ్మ బతికినన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది.

సలాం మొదటి ఏడాదంతా శిష్యుణ్ణి రంగు ముట్టనివ్వలేదు. కళ్ళు నేర్పాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి, ఈగ వాలినా రెప్ప కదలకూడదనేవాడు. రెండో ఏడు అర్దళం నూరడం, అంటే ముఖానికి పూసే పచ్చరంగును నూనెలో మెత్తగా కలపడం నేర్పాడు. మూడో ఏడు నుదుటి నుంచి గడ్డం దాకా నడిమధ్యన బొటనవేలితో గీత గీసి, ఇటు శివుడు, అటు పార్వతి అని పంచి చూపించాడు. చేతిలో తెరగుడ్డ ఒకటి పట్టుకుని సగం ముఖం దాచి శివుడిగా అడుగులు వేయాలి. గుడ్డ మార్చి పార్వతిగా వయ్యారం చూపాలి. చివరికి తెర తీసేసి, ఇద్దరూ ఒకరై కదలకుండా నిలబడాలి.

సలాం ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. "రంగు మీదున్నంత సేపు నీకు పేరు లేదప్పా" అనేవాడు. వేషంలో ఉన్నవాణ్ణి సొంత పేరు పెట్టి ఎవరు పిలిచినా పలకకూడదు, చూపు తిప్పకూడదు. నూనె పెట్టి రంగు తుడుచుకున్నాకే మళ్ళీ మనిషి. ఆ ఇంటి మనుషులు కూడా వేషగాణ్ణి పేరుతో పిలవరు. ఎంత పని ఉన్నా రంగు తుడిచేదాకా ఆగుతారు. ఆ ఇంట్లో పెరిగిన బాషాకు, అంటే సలాం చెల్లెలి కొడుక్కి, ఇది ఉగ్గుపాలతో అబ్బిన సంగతి.

గత ఏడాది శ్రావణమాసంలో గురప్ప బృందం పులివెందులలో గది తీసుకుంది. డెబ్బై ఐదేళ్ళ సలాం వేషం కట్టడం ఎప్పుడో మానేశాడు గానీ, శిష్యుడి ముఖం మీద గీత తానే గీయాలని పట్టుబట్టి వచ్చేవాడు. ఆ రోజు కూడా గీత గీసి పంపించి, చాప మీద నడుము వాల్చాడు. బాషా గదిలోనే ఉన్నాడు.

ఆ రోజు గురప్పకు మామూలు రోజు కాదు. ప్రొద్దుటూరు దసరా మెరవణిలో, అంటే అమ్మవారి ఊరేగింపులో, ముందు నడిచే వేషం కోసం చంద్రమోహన్ అనే పెద్దమనిషి ఆయన్ను చూడ్డానికి వచ్చాడు. ఆ మెరవణిలో ముందు నడవాలన్నది గురప్పకు ముప్పై ఏళ్ళ కోరిక. సలాంకు కూడా దక్కని గౌరవం అది. పూలంగళ్ళ దగ్గర జనం మూగారు. చంద్రమోహన్ ఒక అరుగెక్కి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

శివుడి వంతు అయిపోయి పార్వతి వంతు మొదలైనప్పుడు జనం వెనక నుంచి అరుపు వినిపించింది.

"గురప్పన్నా."

బాషా గొంతు. ఇంకో రెండుసార్లు పిలిచాడు. దారివ్వండని జనాన్ని తోస్తున్నాడు, జనం కదలడం లేదు. వేషంలో ఉన్నవాణ్ణి ఆ ఇంటి పిల్లవాడు పేరు పెట్టి పిలిచాడంటే కొంప మునిగిందనే అర్థం. అది గురప్పకు అర్థం కాలేదా? అయింది. నూటికి నూరు పాళ్ళు అయింది. కానీ ఎదురుగా ఫోన్ ఉంది. పేరుతో పిలిస్తే పలకకూడదన్న గురువు మాట అప్పుడు ఆయనకు ఎంత చక్కగా గుర్తొచ్చిందో! ఆ మాటను అడ్డం పెట్టుకుని ఆడుతూనే ఉన్నాడు. జనం ఈలలు వేస్తే పార్వతి అడుగులు ఇంకోసారి వేశాడు. తెర తీసి నిలబడవలసినదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. అంతా కలిసి అరగంట.

గదికి వచ్చేసరికి సలాం కుడిచేయి చాప మీద పడి ఉంది, నోరు పక్కకు పోయింది. ఆసుపత్రి అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ భయం. గురప్ప రానిదే ఆటో ఎక్కనని ఎడమచేత్తో గుమ్మం పట్టుకుని కూర్చున్నాడట. బాషా పరుగెత్తింది అందుకే. గురప్ప రంగు ముఖంతోనే ఆయన్ను చంకలో ఎత్తుకుని ఆటోలో పడేశాడు. డాక్టరు చూసి, పక్షవాతానికి తొలి గంటలే ముఖ్యమని, కాస్త ముందు తెచ్చి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదేమోనని అన్నాడు. ప్రాణం నిలిచింది. కుడిపక్క పోయింది.

తర్వాత జరిగింది గురప్ప ఊహించనిది. సొంత గురువుకు పక్షవాతం వచ్చిందని ఇంటి పిల్లవాడు వచ్చి పిలిచినా వేషం చెడగొట్టుకోలేదట, గురువు కట్టుబాటు తప్పలేదట అని చంద్రమోహన్ ప్రొద్దుటూరంతా చెప్పాడు. మెరవణిలో ముందు చోటు ఇచ్చారు. ఒక సభలో శాలువా కప్పి, శిష్యుడంటే ఇలా ఉండాలన్నారు. గురప్ప తల దించుకుని నిలబడ్డాడు. ఎప్పటి సిగ్గే అనుకున్నారంతా. అది సిగ్గు కాదు. అబద్ధమని చెప్పడానికి నోరు తెరవలేదు, శాలువా తీసి ఇవ్వనూలేదు.

ప్రతి వారం జమ్మలమడుగు పోయేవాడు. సలాంకు గడ్డం గీసి, నీళ్ళు పోసి, బట్టలు మార్చేవాడు. "కొడుకుంటే ఇంతకంటే చేస్తాడా" అని సలాం భార్య ఖైరున్నీసా అంటే చెంప మీద కొట్టినట్టుండేది. ఆ మనిషి నోట వచ్చే ప్రతి మంచి మాటా తాను దొంగిలించినదే అనిపించేది. చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకుని, టీ తాగి తిరిగి వచ్చేసేవాడు. ఇలా రెండు నెలలు గడిచాయి.

దసరా ఇంకో వారం ఉందనగా మళ్ళీ వెళ్ళాడు. ఇంట్లో ఆడవాళ్ళు లేరు. సలాంను గోడకు ఆనించి కూర్చోబెట్టి సబ్బు నురగ పూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"మామా, ఆ పొద్దు బాషా పిలిచింది నాకు ఇనపడింది. కట్టుబాటు కోసరం కాదు నేను ఆగింది. ఆ మెరవణి కోసరం ఆగినా."

సలాంకు జబ్బు తర్వాత మాట ముద్దగా వస్తుంది కాబట్టి, ఒక్కొక్కటే కూడదీసుకుని మాట్లాడతాడు.

"తెలుసప్పా. మెహతాబ్ ఫోన్లో చూపిచ్చింది."

మెహతాబ్ ఆయన కూతురు. చంద్రమోహన్ తీసిన వీడియో ఊరూరా తిరిగి ఆ ఇంటికీ వచ్చిందన్నమాట. చూసినవాళ్ళంతా అందులో గురప్ప నిబ్బరాన్ని చూశారు. కళ్ళు నేర్పినవాడు కళ్ళను చూశాడు.

"బాషా పిలస్తానే నీ కండ్లు ఆ పక్కకు పోయినాయి" అన్నాడు సలాం. "కండ్లు తిరిగినప్పుడే వేషం పోయింది. ఇంక కట్టుబాటు యాడిది? ఆమీట అర్ధగంట ఆడ నిలబడింది శివుడు గాదు, పార్వతి గాదు. నువ్వు."

గురప్ప తిట్లకు సిద్ధపడి వచ్చాడు. లోపలెక్కడో, పోనీలే అనే మాటకు కూడా ఆశపడి వచ్చాడు. ఆ రెండూ రాలేదు. మెరవణికి పోనని చెబుదామనుకున్నాడు. అది చెబితే తన మనసు తేలికవుతుందే తప్ప ఈ చేయి లేవదని తోచి, ఆ మాట కూడా మింగేశాడు. తన ముఖం మీద గీత గీసినవాడి ముఖం ఇప్పుడు సగం కదులుతుంది, సగం కదలదు. దాన్ని చూడలేక కత్తి పక్కన పెట్టి, మోకాళ్ళ మధ్య తల దూర్చుకుని ఏడ్చాడు.

సలాం ఆపలేదు, ఓదార్చలేదు. నురగ చెంప మీద ఎండిపోయింది. కాసేపటికి, అది దురద పెట్టిందో, ఇంకేమన్నా మనసులో ఉందో గానీ, వంకర పోయిన నోటితో మెల్లగా పిలిచాడు.

"గురప్పా."

గురప్ప ఆయన పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుని ఉన్నాడు. అయినా చివాలున లేచి నిలబడ్డాడు.

"వస్తాండా మామా" అన్నాడు. "వస్తాండా."