మిట్టు ముట్టని చీర

ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా తక్కిన తప్పులన్నీ ఒప్పుకుని, దీని దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచేసేదాన్ని. యాభై ఏళ్లు దాటింది. చిన్న మూటే. కానీ చిన్న మూటయినా దించకుండా మోస్తే భుజం కాయ కాస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో అనగలుగుతున్నాను.

నేను ఒక చిలక మీద నింద వేశాను.

నవ్వొచ్చిందా? నవ్వండి. నేనూ చాలా ఏళ్లు నవ్వి తీసిపారేద్దామని చూశాను. ఊళ్లకు ఊళ్లు భయంతో ఖాళీ అయిన కాలం అది. మనుషులు మనుషులను ఏం చేశారో చూశాం, విన్నాం. వాటి పక్కన నాదెంత అనుకునేదాన్ని. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు కదా, నేను చిలక మీద వేశాను, అంతేగా అని. కానీ ఆ అస్త్రం చిలకకు తగిలి ఆగలేదు. అదే చెప్పాలి.

కోదాడలో పుట్టిన నన్ను పదహారో ఏట సూర్యాపేటకు ఇచ్చారు. ఇంట్లో మగదిక్కు మా ఆయనొక్కడే, ఆయనేమో మిర్యాలగూడలో వడ్ల మిల్లులో గుమస్తా. నెలకో, రెండు నెలలకో వచ్చేవాడు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. మా అత్త, నేను, పెద్దత్త. పెద్దత్త అంటే చనిపోయిన మా మామగారి అక్క. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడూ పోయాడు. ఆమె అట్లాగే ఉండిపోయింది, తెల్లచీర కట్టుకుని, మూలన బియ్యం ఏరుకుంటూ.

నేను నోరు తెరిస్తే మా అత్త నవ్వేది. నా మాట కోదాడ మాట, అటు ఆంధ్రా వైపు ఒరుగుతుంది. "అట్లా కాదండీ" అంటే చాలు, వాడకట్టులో ఆడవాళ్లంతా దాన్ని సాగదీసి అనేవాళ్లు. చెడ్డగా కాదు, ముచ్చటకే. అయినా మెల్లగా మాట్లాడటం తగ్గించేశాను. ఎంతగా తగ్గించానంటే, ఒకరోజు వీధిలో ఎవరో దారి అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏడుపు వస్తే పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని, చప్పుడు బయటికి రాకుండా. నా కొంగు చివర ఎప్పుడూ తడిగా, నలిగి ఉండేది.

ఆ ఇంట్లో నన్ను పలకరించింది మిట్టు ఒక్కతే. పెద్దత్త పెంచిన చిలక. పదేళ్ల కిందట గూట్లోంచి కింద పడ్డ పిల్లను తెచ్చి, నానబెట్టిన శనగలు నమిలి నోట్లో పెట్టి సాకిందట. దానికి వచ్చిన మాట ఒకటే. "తిన్నవా బిడ్డా?" పొద్దున్నే అడిగేది. మధ్యాహ్నం నేను ఎంగిలి గిన్నెలతో వెళుతుంటే అడిగేది. పిట్టకేం తెలుసు, వచ్చిన ముక్క అంటుంది, అంతే. అది తెలిసి కూడా నేను ఎవరూ లేకుండా చూసి "తిన్నా" అని జవాబు చెప్పేదాన్ని.

పగలంతా దానికి పంజరం లేదు. గదిలో గోడకు కట్టిన దండెం మీద, అందరి బట్టల నడుమ కూర్చునేది. ఎగరకుండా రెక్కల ఈకలు పెరిగినప్పుడల్లా పెద్దత్తే కత్తెరతో కత్తిరించేది. కత్తిరించిన రోజు ఆమె అన్నం సరిగ్గా తినేది కాదు. బయట పిల్లులున్నాయి, పైకెగిరితే గద్దలున్నాయి అని ఎవరూ అడగకుండానే చెప్పుకునేది.

మిట్టుకు ఒక చెడ్డపేరుంది. బట్టలు కొరుకుతుందని. పెద్దత్త తెల్లచీరల కొంగులన్నీ చిన్న చిన్న బెజ్జాలే. ఆమె ఒళ్లో కూర్చుని అంచు పట్టుకుని, దారం దారం లాగుతూ, కళ్లు సగం మూసుకునేది. ఎప్పుడైనా నా భుజం ఎక్కితే నా రవికె బొత్తాం పట్టేది. "మాయదారి పిట్ట" అని మా అత్త తిట్టేది. ఆ పేరే నాకు పనికొచ్చింది.

మా వైపు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొత్త చీర పెట్టి ఒడిలో బియ్యం పోస్తారు. ఒడిబియ్యం అంటాం. నాకు ఆ ఏడు పోయాలి. కానీ కోదాడ దారిలో బస్సు నడిస్తే నడిచినట్టు, లేకుంటే లేదు. బట్టకు కంట్రోలు, సర్కారు కొలిచి ఇచ్చిందే బట్ట, కొత్త చీర కళ్లబడటమే గగనం. అట్లాంటి రోజుల్లో మా అమ్మ ఎక్కడ సంపాదించిందో, పసుపు రంగు చీర, ఎర్రంచుది, తెలిసిన వాళ్ల బండిలో పంపింది. దారులు బాగుపడ్డాక వచ్చి బియ్యం పోస్తాను, అందాకా పెట్టెలో దాచుకోమని కబురు. రోజూ పెట్టె తెరిచి చూసుకునేదాన్ని. మా ఇంటి వాసన ఇంకా ఉందా, పోయిందా అని.

అంతలో పెన్‌పహాడ్ నుంచి మా ఆడబిడ్డ పసివాణ్ని ఎత్తుకుని వచ్చేసింది, ఆ ఊళ్లో ఉండలేక. పది రోజులుండి అత్తవారి చుట్టాలతో నడిగూడెం వెళ్లాలి. కూతురు మళ్లీ ఎప్పుడొస్తుందో, అసలు చూస్తామో లేదో అని మా అత్త భయం. ఒడిబియ్యం పోసి పంపాలంది. కొత్త చీర ఊరంతా వెతికినా లేదు. ఒక పొద్దున నాతో, "నీ పెట్టెల చీరె తియ్యి బిడ్డా. మీ అమ్మ నీకు ఇంకోటి తెస్తది తియ్యి" అంది. అడగలేదు. చెప్పింది. పెట్టెలో వేసిన వేపాకు వాసన పోయేదాకా దండెం మీద ఆరెయ్యమంది.

ఆరేశాను. తల్లీకూతుళ్లు బావికి వెళ్లారు. పెద్దత్త పెరట్లో ఉంది. గదిలో నేనూ, చీర, చీర పక్కనే దండెం మీద మిట్టు.

చిరుగు పడ్డ చీర ముత్తైదువకు పెట్టరు. అది నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు తెలిసింది అదొక్కటే. గోడ గూట్లో కత్తెర ఉంది, మిట్టు రెక్కలు కత్తిరించే కత్తెర. అంచు దగ్గర రెండు చోట్ల గాటు పెట్టాను. మరీ తిన్నగా కనబడింది. అందుకని ఆ గాట్లను నోట్లో పెట్టుకుని కొరికాను. దారాలు పళ్లతో పీకాను. మిట్టు తల ఒక పక్కకు వంచి నన్నే చూసింది. "తిన్నవా బిడ్డా?" అంది.

ఇప్పటికీ ఆ దారం నాలుక మీద తగులుతుంది.

ఆ తర్వాత గొడవంతా మీరు ఊహించగలరు. మా అత్త నెత్తి కొట్టుకుంది. ఆడబిడ్డ ఏడ్చింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఒక్క మాట కూడా. నేనే ముందుకొచ్చి చెప్పాను, "నేను వంటింట్లో ఉన్నానండీ, చూసేసరికి మిట్టు కొరుకుతోంది" అని. అడగకముందే చెప్పే మాటలో నిజమెంత ఉంటుందో ఈ వయసులో ఎవరైనా పట్టేస్తారు. ఆ రోజు పట్టలేదు. "వదినే, ఇగ ఈ పిట్ట ఇంట్ల ఉండొద్దు. ఈ పొద్దు చీరె కొరికింది, రేపు పోరని చెవు కొరుకుతది" అంది మా అత్త.

పెద్దత్త పెరట్లోంచి వచ్చింది. శుభానికి పెట్టే చీర కాబట్టి ముట్టుకోలేదు, దూరంగానే వంగి అంచు చూసింది. తర్వాత దండెం ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. నా వైపు చూడలేదు. "పంపియ్యి" అంది, అంతే. తమ్ముడు లేని తమ్ముడి ఇంట్లో ఆమె మాటకు అంతకన్నా చోటు లేదు.

రెండో రోజు వడ్ల బండి మిర్యాలగూడకు పోతుంటే మిట్టును బుట్టలో పెట్టారు. మిల్లులో మా ఆయన చూసుకుంటాడని. పెద్దత్త తన పాత కొంగు ముక్క ఒకటి చించి బుట్టలో పరిచింది. మూత కట్టింది నేను. తాడు ముడి వేస్తుంటే లోపల్నుంచి అడిగింది, అదే మాట. జవాబు చెప్పలేదు. అంతమందిలో ఎట్లా చెప్తాను?

ఆడబిడ్డకు ఉతికిన చీరతోనే బియ్యం పోశారు. వెళ్తూ నా చేయి పట్టుకుని, "నీ చీరె పాడయింది వదినే" అని నా కోసం బాధపడింది. ఇవ్వనని ఒక్కమాట అంటే ఆమె తీసుకునేదే కాదేమో. ఆ ఒక్కమాట నాకెందుకు రాలేదు? నా మాటకు నవ్వుతారని మాట్లాడటం మానేశాను సరే, అబద్ధం మాత్రం అంత బాగా ఎట్లా వచ్చింది?

నెల తర్వాత మా ఆయన వచ్చాడు. మిట్టు పది రోజులు కూడా బతకలేదన్నాడు. గింజ ముట్టలేదట. రొమ్ము మీద ఈకలు తనే పీక్కుందట. "పెద్దత్తకు చెప్పకు" అన్నాడు. ఆయనకు తెలియకుండానే నాకు రెండో అబద్ధం అప్పజెప్పాడు.

ఒక మధ్యాహ్నం నేనూ పెద్దత్తా బియ్యం ఏరుతున్నాం. ఆమె కొంగు బెజ్జాలు చూడలేక అన్నాను.

"అత్తా, కొంగు ఇటియ్యి, కుట్టిపెడతా."

"కుట్టకు బిడ్డా. ఉండనీ." వడ్లగింజ ఒకటి ఏరి పక్కన పెట్టి అడిగింది. "మిట్టు సంగతి ఏమన్న చెప్పిండా వాడు?"

"బాగానే ఉందంట. మిల్లులో గింజలకేం కరువు?"

"ఎవల బట్ట కొరుకుతుందట?"

మంచి మాట చెబుతున్నాననుకుని వెంటనే అన్నాను. "ఎవరిదీ కొరకట్లేదంట అత్తా. బుద్ధిగా ఉందంట."

ఆమె చేయి చేటలోనే ఆగిపోయింది.

"అట్లయితే ఇగ అది లేదన్నట్టు" అంది.

నేను తల ఎత్తలేదు. ఆమె కోపంగా కాదు, పిల్లకు పని నేర్పినట్టు చెప్పుకుపోయింది. "దానికి తిక్కై కొరుకుతదనుకున్నరు అందరు. అది ఒంటి మీది బట్టనే కొరుకుతది. నేను పరాకుగ కూసుంటె గుంజుతది, ఇటు సూడు అన్నట్టు. ఈకలు రాలే దినాల్ల ఇంకింత కొరుకుతది, పాపం, దాని పరేషాన్ దానిది. పదేండ్లు దండెం మీద కూసున్నది. ఒక్క తువ్వాల ముట్టలే. మనిషి లేని బట్ట దానికి ఎందుకు?"

బియ్యంలో రాయి ఒకటి కనబడుతోంది. దాన్ని తీయడానికి నా వేలు రాలేదు.

"నువ్వు కొత్త కోడలివి" అంది. "నీ మీద మాటొస్తె యాడికి పోతవ్? దారులు గూడ లేవు. పిట్టకన్న రెక్కలుంటయ్."

ఆ రెక్కలు కత్తిరించి ఉన్నాయని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం చేటలోకి చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు చెప్పాల్సింది. అడుగు దూరంలో ఉంది. చెప్పలేదు.

ఆమె ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ఒక కొత్త అలవాటు చేసుకుంది. నేను ఎంగిలి గిన్నెలతో వెళుతుంటే మూలలోంచి అడిగేది. "తిన్నవా బిడ్డా?" రోజూ. ఒక్కరోజు తప్పలేదు. ఆ ఇంట్లో ఇక ఎవరూ అడగరని జాలిపడి అడిగేదా? నేను మరచిపోకూడదని అడిగేదా? ఆ అడగటానికి పిట్ట మీద బెంగతో తప్ప నాతో సంబంధమే లేదేమో. ఆరేళ్లు ఆలోచించాను, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆలోచించాను. తేలలేదు. నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఏమో, కొన్ని తేలవు.

ఆమెకు ఎట్లాగూ తెలుసు, చెప్పేదేముంది అనుకునేదాన్ని. అది నాకు నేను చెప్పుకున్న మూడో అబద్ధం. తెలియనివాళ్లకు చెప్పడం సులువు, ఇదిగో మీకు చెబుతున్నానుగా. తెలిసినవాళ్లకు చెప్పాలంటే క్షమించమని అడగాలి. ఆమె క్షమించేది. అది తట్టుకోలేకనే ఊరుకున్నాను.

దారులు బాగుపడ్డాక మా అమ్మ వచ్చి, వేరే చీర పెట్టి బియ్యం పోసింది. పసుపు చీర ఏమైందంటే చిలక కొరికిందన్నాను. "పోన్లే, నోరులేని పిట్ట, దానికేం తెలుసు" అంది అమ్మ. ఆ చీర నేను ఎన్నడూ కట్టలేదు. ఎవరికీ ఇవ్వనూలేదు. కట్టడానికీ పనికిరాక, పారేయడానికీ చేతులు రాక పెట్టె అడుగున ఉంది. ఇప్పుడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. వేపాకు వాసన లేదు, మా అమ్మ ఇంటి వాసన ఎప్పుడో పోయింది. అంచున నా పళ్ల గుర్తులున్నాయి.

పోయేముందు రెండు రోజులు పెద్దత్త గొంతులోకి గంజి కూడా దిగలేదు. అయినా నేను దగ్గరికి వెళ్లగానే పెదవులు కదిపింది. చెవి దగ్గర పెట్టి విన్నాను. అదే మాట. "తిన్నా అత్తా" అన్నాను. ఇంకో మాట నోటిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ మాట ఇది. మా కోదాడ మాటలోనే చెబుతున్నాను. నవ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మిట్టు కొరకలేదు అత్తా. నేనే కొరికాను.