మా అన్న పట్టుకున్న పిల్లలు

మోకాళ్ళ నొప్పులు ముదిరి, మెట్టెక్కాలంటే దేవుణ్ణీ, దిగాలంటే గోడనూ పట్టుకోవలసిన రోజులు వచ్చాయి నాకు. జీవితమంతా రోగులకు సుద్దులు చెప్పిన నర్సమ్మనే అయినా, నా రోగం దగ్గరికి వచ్చేసరికి ఇవాళ రేపు అంటూ దాటవేస్తూ వచ్చాను. చివరికి మొన్న మా అన్న కొడుకు, తండ్రి మొండితనం పూర్తిగా వచ్చినవాడు, నా మాట చెవిన పెట్టకుండా కారెక్కించి బీదర్‌లో కొత్తగా కట్టిన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా, పాలరాతి అరుగు మీద, చుట్టూ ఎర్ర తాడు కట్టి, నిగనిగలాడే నల్లరంగు పూసి ఒక పాత ఎక్స్‌రే మిషను నిలబెట్టి ఉంది. ఎవరో పడుచువాళ్ళు దాని పక్కన నిలబడి నవ్వుతూ ఫోన్లలో ఫోటోలు దిగుతున్నారు. పురాతన వైద్య పరికరం అని కన్నడంలో రాసి ఉన్న పలకను మావాడు చదివి, నా వైపు తిరిగి అడిగాడు: "అత్తా, నాయన నడిపిన మిషను గిట్లనే ఉండెనా?"

అలాగే ఉండేది. నిలువు స్తంభం, దానికి వేలాడే బరువైన నల్లటి తల, పైకప్పు నుంచి దిగిన బొటనవేలంత లావు తీగలు, పక్కన ముల్లు తిరిగే మీటర్లున్న చెక్కపెట్టె, అన్నీ అలాగే. నేను తలూపి, దగ్గరలో కనబడిన కుర్చీలో కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ కాలంలో ఎక్స్‌రే అనే మాట మన పల్లెల్లో ఎవరి నోటా పలికేది కాదు, అందరికీ అది ఫోటోయే. ఫోటో దిగడమంటే మాటలా మరి! చెయ్యి విరిగినవాడు కూడా తలకు నూనె పెట్టుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చేవాడు. ఆడవాళ్ళయితే పౌడరు అద్దుకుని, పెళ్ళినాటి చీర కట్టుకుని, ఉన్న నగలన్నీ పెట్టుకుని వచ్చేవాళ్ళు, వాటిని ఒక్కొక్కటే తీయించేసరికి నా తలప్రాణం తోకకు వచ్చేది. తీరా తడి ఫిలిం చేతికి వస్తే, అందులో ముఖం లేదేమని కొట్లాటకు దిగిన ముసలాయన ఒకడు నాకు బాగా గుర్తు. అంత సింగారించుకుని వస్తే పక్కటెముకలు తీసి ఇస్తారా అని ఆయన కోపం.

మేము పనిచేసిన దవాఖాన బీదర్‌లోనే, కోటకు పోయే దారిలో, ఎర్రరాతి గోడల పాత ఇంట్లో ఉండేది. మాది ఆ దగ్గరి కమఠాణ పల్లె. మా నాయన నా చిన్నప్పుడే పోతే, నాకంటే చాలా పెద్దవాడైన మా అన్న ఉన్న ఆ కాస్త చెలక అమ్మకు అప్పజెప్పి హైదరాబాదు పోయి ఈ మిషను పని నేర్చుకుని వచ్చాడు, తర్వాత నన్ను నర్సు చదువు చదివించాడు. అన్నాచెల్లెళ్ళం ఒకే దవాఖానలో, నేను ఆడవాళ్ళ వార్డులో, అన్న వరండా చివర చీకటి గదిలో. కరెంటు సరిగా ఉండేది కాదు. మీటరు ముల్లు పైకి లేచేదాకా కాచుకుని కూర్చోవాలి, లేచాక కూడా ఇప్పటిలా రెప్పపాటులో పని అయ్యేది కాదు, రోగి కదలకుండా, ఊపిరి బిగపట్టి ఉండాలి. దమ్ము పట్టు అని మనవాళ్ళకు, ఉసిరు హిడి అని కన్నడంవాళ్ళకు, సాఁస్ రోకో అని తురకంవాళ్ళకు, ఎవరి భాషలో వాళ్ళకు చెప్పేవాడు అన్న.

పెద్దవాళ్ళతో పేచీ లేదు, పిల్లలతోనే అసలు చిక్కు. ఆ నల్లటి తల మీదికి వంగుతుంటే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు? ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి, పట్టుకునేది సహజంగా తల్లి. కడుపుతో ఉన్న మనిషి ఆ గదిలో నిలబడకూడదని అన్న నేర్చుకుని వచ్చాడు, పెద్ద డాక్టరు కూడా అడిగి మరీ లోపలికి పంపమన్నాడు. అడగడం ఎంత కష్టమో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా వైపు కోడలు నీళ్ళోసుకుందన్న మాట మూడో నెల దాటేదాకా గడప దాటేది కాదు, దిష్టి తగులుతుందని. పుట్టింట్లో తల్లికి చెప్పుకోవడమే గొప్ప, అత్తకు కూడా ఆమె కనిపెడితేనే తెలిసేది. ఇక పరాయి మగవాడు నోరు తెరిచి అడగడమా, అత్త ముందు కోడలు జవాబు చెప్పడమా!

నిర్ణా అనే ఊరి నుంచి ఒక అత్తా కోడలూ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బండి మీద నుంచి పడి పిల్లవాడికి మోచెయ్యి వాచింది. కోడలు ఇరవై కూడా నిండని పిల్ల, కొంగు నుదుటి మీదికి లాక్కుని నిలబడింది. అన్న నేల చూపులు చూస్తూ, ఇంట్లో విశేషమేమైనా ఉందా అని అత్తనే అడిగాడు. ఆవిడ అంతెత్తున లేచింది. "గదేం మాట సారూ? మొగోడు అడిగే మాటనా గది? ఏం లేదు, జల్ది తియ్యుర్రి, బస్సు పోతది." కోడలు కిక్కురుమనలేదు. కొడుకును ఒడిలో బిగించి పట్టుకుంది, ఫోటో అయింది, వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు అదే పిల్లను ఎద్దుల బండిలో వేసుకుని మా ఆడవాళ్ళ వార్డుకు తెచ్చారు. కడుపు నిలవలేదు. నేను ఒళ్ళు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ దినం నాకు ఎర్కనే అక్కా. అత్త ముందట నోరు రాలే," అని గోడ వైపు తిరిగిపోయింది. బయట ఆ అత్తకు విషయం తెలిసి, నేను ఆపేలోగా చీకటి గది గుమ్మం ముందు చతికిలబడి గుండెలు బాదుకుంది. "నాకన్న చెప్పకపాయె పిల్ల! చెప్తే నేను పట్టుకోకపోదునా? నా ఇంటి బిడ్డను నీ మిషను మింగింది సారూ!" ఆవిడ ఎవరినీ తిట్టలేదు, ఏడ్చింది, అంతే. తిట్టినా బాగుండేది, అన్న దులుపుకుని పోయేవాడు.

ఆ రోజు నుంచి అన్న ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లవాణ్ణి తెస్తే తల్లిని వరండాలో కూర్చోబెట్టి, తలుపు వేసి, తానే పట్టుకునేవాడు. మిషను మీట నొక్కడానికి కాంపౌండరును పిలిచేవాడు. ముసలివాళ్ళ చేత పట్టించవచ్చు కదా అంటే, వాళ్ళ చేతులు వణికి ఫోటో చెడితే మళ్ళీ తీయాలి, పసివాడికి రెండుసార్లు ఎందుకు అనేవాడు. మగవాళ్ళు అసలు దవాఖాన దాకా వస్తేగా! ఒంటికి, కిరణాలను ఆపే సీసపు ఏప్రాను ఉండేది. చేతులకు తొడుగులు కూడా ఉండేవి గానీ, గోనె సంచుల్లా మందంగా ఉన్న వాటిని తొడుక్కుంటే పిల్లలు జడుసుకునేవాళ్ళు, చిన్న మణికట్టు పట్టు దొరికేది కాదు. అందుకని వట్టి చేతులే. ఆ పిల్లల ఫిలిములన్నిట్లో అంచున మా అన్న వేళ్ళ ఎముకలు తెల్లగా కనబడేవి. హుల్సూర్‌లోనో నిర్ణాలోనో ఎవరి ట్రంకు పెట్టె అడుగునో అవి ఇంకా ఉండి ఉంటాయి, గ్రహణం చూడటానికి వాడి పారేసి ఉంటే తప్ప.

నేను ఊరుకోలేదు. నర్సమ్మ నోరు ఊరుకుంటుందా? అన్నను తిట్టాను, డాక్టరుతో తిట్టించాను, వదిన చేత ఒట్టు పెట్టించాను. ఆడవాళ్ళను నేను పక్కకు పిలిచి చెవిలో అడుగుతానన్నాను, అడిగాను కూడా. కొందరు చెప్పారు, ఎక్కువమంది అత్త వైపు చూసి లేదని తలూపారు. "చెప్పినోళ్ళ సంగతి సరే చెల్లే, చెప్పనోళ్ళను ఏం జేస్తవ్?" అనేవాడు అన్న. ఇంకా గట్టిగా పోట్లాడితే, రెండు చేతులూ నా ముఖం ముందు చాపి నవ్వేవాడు. "వీట్ల ఏం బిడ్డ పెరుగుతలేదు గదా, బేఫికర్ ఉండు."

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత గోళ్ళు నిలువునా చారలు తేలి పెళుసుగా విరగసాగాయి. చర్మం ఎండాకాలపు చెలకలా బీటలు వారింది. ఫిలిములు కడిగే మందునీళ్ళు పడక అలా అవుతోందని అన్న అనుకున్నాడు, మేమూ అదే అనుకున్నాం, వదిన రోజూ వెన్న రాసి పాతగుడ్డ చుట్టేది. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చోవడం మానేశాడు. చేతులు ఎప్పుడూ జేబుల్లోనే. ఒక వేలి మీద పులిపిరిలా లేచి పుండయి మానకపోయేసరికి హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూసి, నువ్వు ఏ పని చేస్తావని మాత్రమే అడిగాడు. ఏళ్ళ తరబడి ఆ కిరణాలు తగిలి వచ్చిన క్యాన్సరని తేల్చి, మొదట ఒక వేలు తీశారు. తర్వాత మళ్ళీ పోవలసి వచ్చింది, మళ్ళీ మళ్ళీ. చివరికి కుడిచేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగలలేదు, ఎడమచెయ్యీ వంకరపోయింది.

మనిషి దేనికి ఏడుస్తాడో మనం ఊహించలేం. ఉద్యోగం పోయినందుకు అన్న ఏడవలేదు, నొప్పికి ఏడవలేదు. మొదటిసారి వదిన జొన్నరొట్టె తుంచి పప్పులో ముంచి నోటికి అందించినప్పుడు ఏడ్చాడు. చెమ్చా ఇస్తే విసిరికొట్టాడు. అంతమందిని పట్టుకున్న మనిషి రొట్టె ముక్క పట్టుకోలేకపోయాడు. ఎవరైనా ఇంటికి వస్తే తిండి మానేసేవాడు, మేము మాత్రమే ఉన్నప్పుడు కూడా గోడవైపు తిరిగి కూర్చుని నోరు తెరిచేవాడు. నేను వెళ్ళిన రోజు వదినను లేవమని నేనే తినిపించేదాన్ని, చిన్నప్పుడు నాకు తను తినిపించిన మాటలు చెబుతూ. వినేవాడో లేదో తెలియదు. తర్వాత చంకలో గడ్డ లేచింది. అది ఏమిటో నర్సునైన నాకు చెప్పవలసిన పని లేదు.

అన్న పోయాక చాన్నాళ్ళకు, నాతో పనిచేసిన ఒక చిన్న డాక్టరమ్మతో మాటల సందర్భంలో నిర్ణా పిల్ల సంగతి చెప్పాను. పిల్లవాడి మోచేతికి తీసిన ఒక్క ఫోటోకు, ఆ కాస్త కిరణాలకు, కడుపు పోదు సిస్టర్, మొదటి నెలల్లో అలా వాటంతట అవే పోయేవి ఎన్నో ఉంటాయి అన్నదామె, ఎంతో మామూలుగా. నేను లేచి స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆ అత్త మీదా, పద్ధతి మీదా, మిషను మీదా? అన్న బతికి ఉండగా ఈ మాట తెలిస్తే చెప్పి ఉండేదాన్నా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. చెప్పకపోదునేమో.

మొన్న నా వంతు కోసం ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే, పక్కన ఒక కోడలూ, ఆమె అత్తా, చెయ్యికి గుడ్డ కట్టిన పిల్లవాడూ వచ్చి కూర్చున్నారు. మాటను బట్టి మన వైపువాళ్ళే. పేరు పిలవగానే ఆ కోడలు లేచి, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాడితో, వరండా అంతా వినబడేలా చెప్పింది: "నాకు రెండో నెల నడుస్తాంది సార్, నేను లోపటికి రాను. పిల్లగాన్ని మా అత్త పట్టుకుంటది." అత్త ఏమీ అనుకోలేదు. ఏప్రాను ఎటు తొడగాలో అడిగి తెలుసుకుని, మనవణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ పిల్ల మళ్ళీ కూర్చుని ఫోను చూసుకుంటోంది.

ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అదే క్షణంలో, ఎందుకో, ఆమె మీద పట్టరాని అసూయా కలిగింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, "మోకాళ్ళు బాగ నొస్తున్నయా అవ్వా?" అని అడిగింది పాపం. ఔనన్నాను. కాలం మారింది, మంచికే మారింది, ఎవరు కాదంటారు? ఆ మాట చెప్పడానికి ఆ పిల్లకు కొంగు సర్దుకునేంత సేపు కూడా పట్టలేదు. అప్పట్లో ఆ మాట చాలామంది కోడళ్ళ నోటికి రాలేదు, ఆ బరువంతా మా అన్న చేతుల మీద పడింది. వాళ్ళు నోరు తెరవగలిగి ఉంటే మా అన్న తన రొట్టె తానే తుంచుకుని తిని, నిండు చేతులతో పోయి ఉండేవాడు.