తెగిన బీడీ దారం

వనజ వేళ్లు ఒక్క నిమిషం ఊరికే ఉండవు. ఎల్లారెడ్డిలో మా అంగన్‌వాడీ వెనక సందులో ఉంటుంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. మాట్లాడుతూనే బీడీ చుట్టి దారం కట్టేస్తుంది. పక్కన నాలుగేళ్ల కూతురు ఆశ్రిత. అంత బుద్ధిగా కూర్చునే పిల్లను పన్నెండేళ్ల నౌకరీలో నేను చూడలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా మెచ్చుకునేదాన్ని కూడా, నా బుద్ధి గడ్డి తిని.

జూన్‌లో ఆశ్రిత అంగన్‌వాడీకి వచ్చిన మొదటి రోజు పిల్లలందరినీ గెంతమన్నాను. ఆమె గెంతలేదు. ఒంటికాలి మీద నిలబడమంటే గోడ పట్టుకుంది. నాలుగు అడుగులు పరుగెత్తి చతికిలబడింది. కాళ్లలో ఏదైనా లోపముందేమో, కామారెడ్డిలో డాక్టర్‌కు చూపించమని వనజతో చెప్పాను. మర్నాడే తీసుకెళ్లింది.

బస్సులో పోతూ వస్తూ పిల్లను ఒళ్లోంచి దించలేదట. డాక్టర్ కాళ్లు వంచి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయి, ఇంట్లో రోజూ ఉరకనివ్వండి, ఎగరనివ్వండి అన్నాడట. నేను వాళ్లింటికి వెళ్తే, బీడీలు చుడుతూనే ఆ మాట చెప్పింది వనజ.

“ఎట్ల ఉరుకనియ్యాలె టీచర్? గడప దాటితే రోడ్డే గదా.”

అప్పుడు చూశాను పిల్ల కాలు. పట్టీ కింద దారం. ఇన్నాళ్లూ దిష్టి దారమనుకున్నాను. అది బీడీ దారం. రెండో కొస వనజ కాలి బొటనవేలికి ఉంది.

పాకే వయసులో ఆశ్రిత గడప దాటి రోడ్డెక్కిందట. ఆటో జానెడు దూరంలో ఆగింది. అప్పుడు తల్లి చేతులు చాటలో, కళ్లు ఆకు మీద. ఆ రోజు నుంచి ఈ ముడి.

“గింత సన్న దారం పిల్లను ఆపుతదా?” కోప్పడ్డాను.

“ఆపది. తెగితే తెలుస్తది. చేతులకు పుర్సత్ లేదు, కాలికన్న తెల్వాలె గదా.”

తలుపుకు అడ్డంగా మంచం వేసి, నేల మీద సుద్దతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాను. ముడి విప్పమన్నాను. రోజుకు వెయ్యి ముళ్లు వేసే వేళ్లు ఆ ఒక్క ముడి విప్పలేకపోయాయి. చివరికి ఆకు కత్తిరించే కత్తెరతో తెంపింది.

“దుంకు బిడ్డా,” అన్నాను.

ఆశ్రిత కదల్లేదు. తెగిన కొసనే చూస్తూ బిక్కమొహం వేసింది.

“తెగింది. అమ్మ ఏడుస్తది.”

వెనక ఒకసారి తెగినప్పుడు వనజ చాట విసిరేసి గుండెలు బాదుకుందట. అప్పటి నుంచి పిల్ల కదలడం మానేసింది. నేను దానికే బుద్ధిమంతురాలని పేరు పెట్టాను.

వనజ చాట పక్కన పెట్టింది. లేచి, కొంగు దోపుకుని, మొదటి గడిలోకి తానే దుంకింది.

“చూడు, ఏడుస్తలేను,” అంది. కళ్ల నిండా నీళ్లే.

బయట ఆటో హారన్ మోగింది. వనజ ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగింది. వెనక ధప్పుమని చప్పుడైంది. రెండు కాళ్లతో గడిలో పడింది ఆశ్రిత.

“నువ్వు చూడలే,” అంది పిల్ల. “మళ్ల దుంకుత. ఇటు చూడు.”

రోడ్డు మీద ఇంకో ఆటో వస్తున్న మోత. వనజ కాలి బొటనవేలు బిగుసుకుంది. అయినా తలుపుకు వీపు పెట్టి, పిల్ల వైపు తిరిగి నిలబడింది.