గుమ్మం పక్కన చెప్పులు

"చెప్పులు కూడా కూలికి వెళ్తాయా మేడం?"

అడిగింది ఇస్త్రీ పని చేసుకునే ఇద్దరు పిల్లల తల్లి. అడిగించుకున్నది లిస్టు మేడం. ఆవిడకు వేరే పేరు ఉండే ఉంటుంది, ఆ సందుల్లో దానితో ఎవరికీ పని పడలేదు.

ఏడాది చివర బడికి పద్దెనిమిది రోజులు సెలవులు. బడితోపాటు అక్కడ పెట్టే మధ్యాహ్నం భోజనం కూడా మూతపడుతుంది. సెలవులంటే ఆటపాటలని రాసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. ఆ రోజుల కోసం, మగదిక్కు లేని తల్లులకు ఒక సహాయ సంస్థ పెట్టె ఇచ్చేది: బియ్యం, పప్పు, నూనె, సబ్బులు, పిల్లలకు తలా ఒక జత బట్టలు. ఎవరికివ్వాలో ఇల్లిల్లూ తిరిగి తేల్చేది లిస్టు మేడమే.

పదకొండేళ్లుగా అదే పని. జనం అబద్ధాలాడతారని ఆవిడకు బాగా తెలుసు. అందుకని మాటలు వినడం మానేసి గుమ్మం చూసేది. మగవాడి చెప్పులు కనిపిస్తే సంపాదించే మనిషి ఉన్నట్టే, పేరు కొట్టేసేది. ఆ చిట్కా ఆఫీసులో అందరికీ తెగ నచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు నేర్పారు కూడా.

ఇస్త్రీ మనిషి గది మెట్ల కింద ఉంది. గుమ్మం పక్కన పెద్ద తోలు చెప్పులు, బొటనవేలి దగ్గర బాగా అరిగినవి.

"మీ ఆయన ఉన్నాడా?"

ఆమె మెట్లవైపు చూసింది. అక్కడ ఇద్దరు మగవాళ్లు తీరిగ్గా సిగరెట్లు కాలుస్తున్నారు.

"ఉన్నాడు. పడుకున్నాడు," అంది, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగా.

తల లోపలికి పెడితే ఖాళీ మంచం కనిపించేది. కానీ ఇంకా ముప్పై ఇళ్లు తిరగాలి. లిస్టు మేడం గీత గీసేసింది.

సెలవులు అయ్యాక ఇస్త్రీ మనిషి చంకలో బట్టల మూటతో ఆఫీసుకు వచ్చి ఆ ప్రశ్న అడిగింది. తర్వాత తాపీగా చెప్పింది: "ఆయన పోయి నాలుగేళ్లు. తలుపు తట్టేవాళ్లు భయపడాలని పెట్టుకున్న చెప్పులవి."

"నాతో చెప్పొచ్చు కదమ్మా?"

"వాళ్లు వింటుంటే ఎలా చెప్పను? చెవిలో చెబుదామంటే మీరు గడప దాటితేగా."

"పెట్టె ఇప్పుడిప్పిస్తాను."

"ఇప్పుడెందుకండీ, బడి తెరిచారుగా. ఆ పద్దెనిమిది రోజులూ కొట్లో అరువు తెచ్చి పెట్టాను. అది నేనే తీర్చుకుంటాను."

ఆ సాయంత్రం లిస్టు మేడం తన ఇంటి తాళం తీయబోయి ఆగిపోయింది. గుమ్మం పక్కన భర్త బూట్లు. ఆయన చనిపోయిన నెలలోనే తను పెట్టింది, ఒంటరి ఆడదని నలుగురికీ తెలియకూడదని. తొమ్మిదేళ్లుగా దుమ్ము దులుపుతూనే ఉంది. ఎందుకు పెట్టిందో మాత్రం ఎప్పుడో మరిచిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఇల్లు చేరినప్పుడల్లా, ఆ బూట్లు తనకోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించేది.

పాత లిస్టులు తిరగేసింది. పక్కన 'చెప్పులు' అని రాసి కొట్టేసిన పేర్లు నూట నలభై మూడు. ఆ చెప్పుల్లో ఎన్నింటిని తొడుక్కునే మనిషి నిజంగా ఉన్నాడో ఇక తేలేది కాదు. దారిన పోతుంటే కాళ్లు లేని చెప్పులే కనిపించేవి.

మరుసటి ఏడు అందరికన్నా ముందు ఆ మెట్ల కింద గదికే వెళ్లింది. ఇస్త్రీ మనిషి ఖాళీ చేసి వెళ్లిపోయింది. చంటిపిల్లతో ఇంకొకామె ఉంది. చెప్పులు మాత్రం అక్కడే ఉన్నాయి.

"ఉండనీ, పనికొస్తాయి అని చెప్పి వెళ్లిందండీ," అంది కొత్తామె, గొంతు తగ్గించి.

లిస్టు మేడం గడప దాటి లోపలికెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఆమె పేరు రాసుకుంది. అక్కడి నుంచి కిరాణా కొట్టుకు వెళ్లింది.

"ఇస్త్రీ ఆవిడ బాకీ ఎంతుంది? నేనిచ్చేస్తాను."

"వద్దండీ. నెల నెలా ఎవరో ఒకరి చేత పంపుతూనే ఉంది," అన్నాడు కొట్టతను. "లిస్టు మేడం వస్తే పైసా తీసుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్లింది."

ఇస్త్రీ ఆవిడ ఖాతాలో ఇంకా ఆరువందల ఎనభై బాకీ ఉంది.