ఇనుప అలమారాలో ఆరు మోకాళ్లు

వెర్లీన్ పెట్‌వే పందొమ్మిదేళ్లపాటు నోరు మెదపకుండా నల్ల సంచులు నింపింది. ఆమెను పెట్టుకున్నది బట్టలు ఉతకడానికి. కానీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఏ కుర్రాడైనా వేరే కాలేజీకి మారిపోతానని కోచ్‌తో అంటే చాలు, గంట తిరక్కుండా వాడి పేరుపలక మరలు విప్పి, అరలో ఉన్నవన్నీ చెత్త సంచిలో కూరి, లారీలు ఆగే వెనక అరుగు మీద పెట్టే పని కూడా ఆమె నెత్తినే పడింది. అది ఆమె పని అని ఏ కాగితంలోనూ లేదు. చేయనని ఆమె ఎన్నడూ అనలేదు. ఒకసారి వాన పడుతుంటే సంచి బయట పెట్టమన్నారు. పెట్టింది. ఆ కుర్రాడు వచ్చి విప్పేసరికి వాళ్ల నాయనమ్మ ఇచ్చిన బైబిలు నానిపోయి ఉంది. వెర్లీన్ దాన్ని లోపలికి పట్టుకెళ్లి, ఫ్యాను ముందు కూర్చుని, పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది. "నా చేతిలో ఏముంది నాన్నా" అంది. ఆ ముక్క ఎంతమందితో అందో ఆమెకే లెక్క తెలియదు.

సంచులు నింపే ఆ గది గోడ మీద నిలువెత్తు ఎర్ర అక్షరాలతో "మనదంతా ఒకే కుటుంబం" అని రాసి ఉంటుంది. ఏటా ఆగస్టులో దానికి కొత్త రంగు వేయిస్తారు. రంగుకు మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు.

వెర్లీన్ పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో, ఆ కాలేజీ ఉన్న ఊళ్లోనే. పన్నెండేళ్లు చేపల ఫ్యాక్టరీలో క్యాట్‌ఫిష్ తోలు ఒలిచింది. అది మూతపడ్డాక కాలేజీ ఉతుకుగదిలో చేరింది. నూట పదిమంది బట్టలు. ఒక్కొక్కడికీ నంబరు వేసిన ఒక పట్టీ ఉంటుంది. మేజోళ్లు, బనీన్లు, నిక్కర్లు దానికి గుచ్చి తొట్లో పడేస్తారు, ఉతికి దానితో సహా వాడి కొక్కేనికి తగిలించాలి. కుర్రాళ్లందరికీ ఆమె మిస్ వెర్లీన్. ఎవడు సరిగ్గా తినడం లేదో, ఎవడి గాయం ఇంకా మానలేదో డాక్టరుకన్నా ముందు ఆమెకు తెలుస్తుంది.

ఒకరినొకరు గుద్ది పడేసుకునే ఆ ఆట మాత్రం చూడదు. శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా స్టేడియంలో అరుస్తుంటే, ఆమె మెషీన్ల మధ్య కూర్చుని అలసందలు ఒలుచుకుంటుంది. ఎవడెలా ఆడాడో సాయంత్రానికి ప్యాంట్లే చెబుతాయి. గడ్డి మరకలు వెనకవైపు ఉంటే వీణ్ణి ఎవడో వెల్లకిలా పడేశాడు. ముందువైపు, మోకాళ్ల మీద ఉంటే వీడే ఎవణ్ణో పడేశాడు.

యాభై నాలుగో నంబరు జవారిస్ ఓడమ్ ప్యాంటుకు రెండేళ్లపాటు మరకలన్నీ ముందువైపే. వెనిగర్‌లో నానబెడితేగాని వదిలేవి కావు. "నీ ఒక్కడి ప్యాంటుకే సీసా అయిపోతోందిరా" అని ఆమె తిట్టేది. "మరి నన్ను పడెయ్యమని వాళ్లకు చెప్పండి మిస్ వెర్లీన్" అని అతను నవ్వేవాడు. తర్వాత ఎడమ మోకాలిలో లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేశారు. కాలికి ప్లాస్టర్ పోసి, అచ్చు తీసి, మోకాలు కదలిపోకుండా తొడిగే, ఇనుప కీళ్లున్న బ్రేస్ ఒకటి చేయించారు. అది తొడగకుండా మైదానంలో అడుగు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఈ ఏడు జవారిస్ తిరిగొచ్చాడు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. ప్యాంటు ఉతికి మడత పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. ఒక్క మరక లేదు. పెద్ద కోచ్ హెన్నిగన్‌కు కొత్త మోకాళ్లు దొరికాయి, పాతది బెంచీ మీద కూర్చుంది. ఆ తెల్లటి ప్యాంటు చూసినప్పుడే వెర్లీన్‌కు అర్థమైంది, ఈ పిల్లాడు వెళ్తానంటాడని.

అతనికన్నా ముందు హెన్నిగన్ వెళ్లాడు. తొమ్మిదేళ్లలో ఇది ఆయన మారిన నాలుగో కాలేజీ. ఇక్కడ ఇంకా మూడేళ్లు ఉంటానని సంతకం పెట్టినవాడు, ఇంతకంటే పెద్ద స్టేడియం కనబడగానే డిసెంబరులో, ఆఖరి ఆట కూడా ఆడించకుండా లేచాడు. ఆయనకు మూడంతస్తుల కేకు కోశారు. ఎర్ర అక్షరాల కిందే నిలబడి, "నా కుటుంబం కోసం ఈ నిర్ణయం తప్పలేదు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఏ కుటుంబమో ఎవరూ అడగలేదు. ఒక్కరూ నవ్వలేదు కూడా, చప్పట్లు కొట్టారు. ఆయన సామాను సర్దడానికి ఆఫీసు నుంచి కొత్త అట్టపెట్టెలు వచ్చాయి. నలభై టోపీలు, ఒక్కోదానికీ పల్చటి కాగితం చుట్టి సర్దింది వెర్లీనే.

మర్నాడు పొద్దున్నే జవారిస్ వెళ్లి బదిలీ జాబితాలో తన పేరు వేయమన్నాడు. టెనెసీలో ఒక చిన్న కాలేజీ వాళ్లు సోమవారం రమ్మన్నారు. పరిగెత్తించి చూస్తారు, మోకాలు నిలబడితే జట్టులో చోటూ, ఉచితంగా చదువూ ఇస్తారు, లేకపోతే ఇంకొకణ్ణి తీసుకుంటారు. కొత్త బ్రేస్ చేయించాలంటే ఆరు వారాలు. అంటే అతని భవిష్యత్తంతా ఆ బ్రేస్ మీద ఉంది, ఆ బ్రేస్ ఇనుప అలమారాలో ఉంది.

వెళ్తానన్నవాడి బ్రేస్ కాలేజీ సొత్తంటూ అందులో పెట్టి తాళం వేసింది మెక్‌రేడీ. హెన్నిగన్ కింద పనిచేసినవాడు, నిన్నటి నుంచి తాత్కాలికంగా పెద్ద కోచ్. నిన్న మిగిలిన కేకు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చాడు. బట్టలు మార్చుకుంటున్న కుర్రాళ్లు పది పన్నెండుమంది అక్కడే ఉన్నారు.

"ఏరా, కుటుంబాన్ని వదిలేసి పోతున్నావటగా? పో. కుటుంబం సొత్తు మాత్రం ఇక్కడ పెట్టి పో."

"కోచ్, అది నా కాలు అచ్చు. ఇంకెవరికీ పట్టదు."

"పట్టకపోతే పారేస్తాం. నీకెందుకు?"

"నిన్న కోచ్ హెన్నిగన్ కూడా వెళ్లారు కదండీ."

"ఆయన వెళ్లలేదు, ఎదిగాడు. నువ్వు పారిపోతున్నావు. రెంటికీ తేడా తెలీదా?" ముక్క నోట్లో వేసుకుని వెర్లీన్ వైపు తిరిగాడు. "సంచి తే వెర్లీన్. వీడి చెత్త బయట పడెయ్."

ఆమె సంచి తేలేదు. విడిచిన బట్టల తొట్లోంచి యాభై నాలుగో నంబరు పట్టీ తీసుకుంది.

"ఇవి మాసి ఉన్నాయి సార్. మాసిన బట్టలు నా గదిలోంచి బయటికి పోవు. నలభై నిమిషాలు పడుతుంది. జవారిస్, కూర్చో నాన్నా."

మెక్‌రేడీ గొణుక్కుంటూ ఫోను చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. బట్టలు ఆరాక ఆమె హెన్నిగన్ సామానులో మిగిలిన రెండు కొత్త అట్టపెట్టెలు తెచ్చింది. మేజోళ్ల దగ్గర్నుంచి మడతపెట్టి సర్దింది. తర్వాత నడుముకున్న తాళాలగుత్తి తీసి ఇనుప అలమారా తెరిచింది. ఇనుప కీళ్లకు తుప్పు పట్టకుండా నెలనెలా నూనె రాసే పని ఆమెదే, అందుకే తాళంచెవి ఆమె దగ్గర ఉంది. లోపల ఆరు బ్రేసులున్నాయి. ఐదు, అంతకుముందు వెళ్లిపోయిన కుర్రాళ్లవి. ఒకదాని మీద పన్నెండు, ఇంకోదాని మీద ముప్ఫై ఒకటి, అలా నంబర్లు. ఆరేళ్లుగా వాటికి నూనె రాస్తూనే ఉంది, ఎవరికీ పట్టని మోకాళ్లకు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు మెక్‌రేడీ.

"వీడి కాలు వీడికిస్తున్నాను."

"అది కాలేజీ ఆస్తి! ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఇస్తాను సార్. ముందు మిగతా ఐదింట్లో ఏదో ఒకటి తొడుక్కుని చూపించండి. మీకు పట్టిందనుకోండి, జవారిస్‌ది కూడా ఇక్కడే ఉంచేస్తాను."

ముప్ఫై ఒకటో నంబరుది తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. మెక్‌రేడీ దాన్ని చూశాడు. తన తొడ చూసుకున్నాడు.

"నాతో వేళాకోళమా?"

"కాదు సార్. అది దేనికి పనికొస్తుందో కనుక్కుందామని. ఆరేళ్లుగా నాకు తెలీడం లేదు."

మూలనుంచి ఒకడు, "పట్టీ వదులు చెయ్యి కోచ్, దూరుతుంది!" అన్నాడు. ఇంకొకడు, "వెనిగర్ తేనా మిస్ వెర్లీన్?" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. పిల్లల మెడలు వంచి "కుటుంబం" అనిపించడమే బతుకుగా చేసుకున్న ఆ పెద్దమనిషి బల్ల మీది బ్రేస్‌ను పక్కకు తోశాడు. ముఖం కందగడ్డ చేసుకుని బయటికి నడిచాడు. జవారిస్ అక్కడే బ్రేస్ తొడుక్కున్నాడు. "నడువు చూద్దాం" అంది వెర్లీన్. నడిచాడు. "ఇంక ఆగకు" అంది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆమెకు కాగితం వచ్చింది. కాలేజీ ఆస్తిని అనుమతి లేకుండా బయటికి పంపినందుకు విచారణ అయ్యేదాకా పనిలోకి రావొద్దని.

మంగళవారం జవారిస్ ఫోను చేశాడు.

"మిస్ వెర్లీన్, నా ప్యాంటు పాడైపోయింది."

"ఎటువైపు?"

"ముందువైపే."

ఆమె ఫోను పక్కన పెట్టి కాసేపు కళ్లు ఒత్తుకుంది. మళ్లీ తీసి, "వెనిగర్‌లో నానబెట్టమని చెప్పు అక్కడి వాళ్లకి" అంది.

రెండు వారాలు తిరక్కుండా మెక్‌రేడీ కూడా హెన్నిగన్ దగ్గరికే వెళ్లిపోయాడు. ఆయన కూడా ఎదిగాడు కాబోలు. మళ్లీ కేకు కోశారు. ఆయన సామాను చెత్త సంచిలో కూరమని ఎవరూ అనలేదు.

వెర్లీన్ విచారణ జనవరి ఆఖరి మంగళవారం, పొద్దున పదింటికి, పాలనా భవనం రెండో అంతస్తులో. తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, కుర్చీలు చాలా ఉంటాయి. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చి కూర్చోండి, మాట్లాడకపోయినా పరవాలేదు. దూరాన ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. మీరు చదివిన కాలేజీ నుంచి, మన జట్టుకు విరాళమివ్వండి, మనమంతా ఒకే కుటుంబం అని ఫోను వస్తుంది. పెట్టేయకండి. వెళ్లిపోయిన పిల్లల వస్తువులు మీ అలమారాలో ఎన్ని ఉన్నాయని అడగండి. వాటిని తిరిగి పంపామని కాగితం మీద రాసిచ్చేదాకా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. ఇక్కడ ఇంకా ఐదున్నాయి.